నల్లమట్టి పుస్తకం రాసిందెవరు?

లెయోనీలా అచికానోయ్‌ని ఎవరైనా పొగిడితే ముందు వెనక్కి తిరిగి చూస్తుంది, తన వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమోనని. ఎవరూ లేరని తేలాక "అబ్బే, ఏముంది లెండి" అంటుంది. అంటూనే మాట మార్చి, మీ ఇంట్లో అందరూ కులాసాయేనా, ఈ ఏడు బంగాళదుంప ఎలా ఉంది అని అడుగుతుంది. ఈ అలవాటు చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది. మా అమ్మాయి జ్ఞానస్నానానికి ఎత్తుకుని నిలబడ్డది ఆవిడే కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం కొమాద్రేలం. మా పాస్తో ఊళ్ళో కొమాద్రే అంటే అక్కచెల్లెళ్ళ కన్నా ఒక మెట్టు పైనే. మొహం మీదే తిట్టుకునే హక్కు ఉంటుంది. ఆ హక్కు ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే వాడుకుంటున్నాను. ఆవిడకు తిట్టడం రాదు.

ఆవిడ మా విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదివే పిల్లలకు మట్టి గురించి పాఠం చెబుతుంది. నేను అక్కడే లైబ్రరీలో పని చేస్తాను. నాది నెల జీతం ఉద్యోగం. ఆవిడది గంటల లెక్క. చెప్పిన గంటలకే డబ్బు, సెలవుల్లో ఏమీ లేదు. క్రిస్మస్ ముందు కాంట్రాక్టు అయిపోతుంది. జనవరిలో కార్నివాల్ వస్తుంది, ఊరంతా ఒకరి మొహానికొకరు రంగులు పూసుకుంటారు, ఆవిడ మాత్రం ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటుంది, మళ్ళీ రమ్మని పిలుస్తారో లేదోనని. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఓబొనూకో కొండ మీద అమ్మ వదిలిన ఇల్లు, పెరడు. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే బతుకు. "ఎలా భరిస్తున్నారు కొమాద్రే?" అంటే "పిలుస్తున్నారుగా" అంటుంది. పిలవకపోతే ఏమిటన్నది ఆవిడ ఎప్పుడూ నోటితో అనలేదు. అది మాత్రం నేను ఆవిడ మొహంలో ప్రతి జనవరిలోనూ చూశాను.

పొట్టి మనిషి. చలికి మెరూన్ శాలువా, కాళ్ళకు రబ్బరు బూట్లు, గోళ్ళలో ఎప్పుడూ మట్టి. చేతిసంచిలో ప్లాస్టిక్ కవర్లలో మట్టి మూటలు కట్టుకుని తిరుగుతుంది. ఒకసారి బస్సులో నాకు ఆకలేస్తోందంటే రొట్టె ఇస్తున్నాననుకుని ఒక మూట చేతిలో పెట్టింది. విప్పి చూస్తే కాంబాదా వైపు కొండ మట్టి. నేను తిడుతుంటే ఆవిడ ఆ మట్టిని వాసన చూసి, "ఇది నిన్న వాన పడ్డాక తీసింది" అంది సంతోషంగా. అలాంటి మనిషిని ఏమనగలం చెప్పండి.

ఇక పుస్తకం సంగతి. మా లైబ్రరీలో మట్టి శాస్త్రానికి ఒకే ఒక్క పెద్ద పుస్తకం ఉండేది. ఎక్కడో చలిదేశంలో రాసి, స్పానిష్‌లోకి దించింది. ధర చూస్తే గుండె ఆగుతుంది. అందుకని పిల్లలు జిరాక్సులు తీసుకునేవారు, ఆ జిరాక్సుకు ఇంకో జిరాక్సు, దానికి ఇంకోటి. ఆఖరికి బొమ్మలన్నీ నల్లటి మరకలైపోయేవి. ఆ మరకల్ని చూసి పిల్లలు పరీక్షల్లో మరకలే గీసేవారు. సరే, అదొక అవస్థ. అసలు అవస్థ అది కాదు.

ఆ పుస్తకం ఏం చెప్పేదంటే, మట్టిని పరీక్ష చేసే ముందు బాగా ఆరబెట్టి, జల్లెడ పట్టమని. ప్రపంచంలో చాలాచోట్ల అదే సరైన పద్ధతి కాబోలు. మాది గలేరాస్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిదలోంచి పుట్టిన నల్లమట్టి. దాన్ని ఒక్కసారి పూర్తిగా ఎండబెట్టారా, గింజలు గింజలుగా గట్టిపడిపోతుంది, తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా మెత్తబడదు. అప్పుడు పరీక్ష చేస్తే ఇసుక అని వస్తుంది. ఒక ఏడాది క్లాసు క్లాసంతా పుస్తకంలో ఉన్నట్టే చేసి, ఓబొనూకో మట్టి ఇసుక అని రాసుకొచ్చారు. లెయోనీలా ఆ కాగితాలన్నీ చూసి పక్కన పెట్టింది. తర్వాత అంది, "పుస్తకం తప్పు కాదర్రా. పాపం అది మన మట్టిని ఎప్పుడూ చూడలేదు."

ఆ వారమే లైబ్రరీకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"కొమాద్రే, ఒక మింగా పిలుద్దామనుకుంటున్నాను."

మింగా అంటే మా కొండల్లో ఎవరింట పెద్ద పని పడితే వాళ్ళు పిలుస్తారు, ఊరు వస్తుంది, పిలిచినవాళ్ళు కడుపు నిండా పెడతారు. రేపు మనల్ని పిలిస్తే మనమూ వెళ్ళాలి. కూలి మాట ఉండదు.

"ఇంటి కప్పు మారుస్తున్నారా?" అన్నాను.

"కాదు. పుస్తకానికి."

"పుస్తకానికి మింగా ఏమిటి? మతి గానీ పోయిందా?"

"చేను తవ్వడానికి వచ్చేవాళ్ళు పాఠం రాయడానికి రారా? మన మట్టికి మన పుస్తకం. పాత విద్యార్థుల్ని పిలుస్తాను. మీరూ రావాలి. రాకపోతే గినీపంది మాంసం మీ వాటా ఆ తిండిపోతు సెగుందో తినేస్తాడు."

అలా మొదలైంది. శనివారం పొద్దున్నే ఆవిడ వంటింట్లో చేరేవాళ్ళం. ఒక పక్క పొయ్యి మీద పెద్ద కుండలో బంగాళదుంపల సూప్, ఇంకో పక్క పొడుగాటి బల్ల, దాని మీద రెండు పాత కంప్యూటర్లు, కాగితాలు, మట్టి గిన్నెలు. సెగుందో పెహెందీనో వచ్చేవాడు. వాడు ఆవిడ పాత విద్యార్థి, ప్రొఫెసర్ అనకుండా ఇప్పటికీ ముద్దుగా ప్రొఫే అంటాడు, ఇప్పుడు పల్లె హైస్కూల్లో మాస్టారు, ఏం తిన్నా మళ్ళీ ఆకలే. మట్టి ఆరబెట్టడం మీద అధ్యాయం వాడి వంతు. లాబొరేటరీ చూసుకునే డోన్యా క్లెమెన్సియా బొమ్మలు గీసేది. మాలో గౌరవంగా ఆడవాళ్ళని డోన్యా అని, మగవాళ్ళని డాన్ అని అంటాం. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చూపే పదాల పట్టిక నా నెత్తిన పడింది. ఇంకా కొందరు వస్తూ పోతూ ఉండేవారు. లెయోనీలా ఒక చేత గరిటె, ఇంకో చేత పెన్సిల్ పట్టుకుని మా వెనకాల తిరిగేది. గరిటెతో వడ్డించేది, పెన్సిల్‌తో కొట్టేసేది.

"కొమాద్రే, ఈ మాట పట్టికలో ఎందుకు పెట్టారు?"

"పుస్తకంలో ఉంది కాబట్టి!"

"ఎవరు వెతుకుతారు దాన్ని?"

"నాకేం తెలుసు, ఎవరో వెతుకుతారు!"

"ఆ ఎవరో ఏమని వెతుకుతారో ఆలోచించి మళ్ళీ చేయండి. ఇంకొంచెం సూప్ వేయనా?"

ఆ పట్టిక నాచేత మళ్ళీ మళ్ళీ చేయించింది. నేను కోపంతో శాలువా విసిరికొట్టి ఒక శనివారం మధ్యలోనే వెళ్ళిపోయాను కూడా. మరుసటి శనివారం మళ్ళీ వచ్చాను. ఎందుకొచ్చానో నాకే తెలియదు. ఆ వంటింట్లో ఉంటే బాగుండేది, అంతే.

ఇక్కడ మా మింగా మర్యాద ఒకటి చెప్పాలి. వచ్చినవాడు తాను ఎంత పని చేశాడో నోటితో చెప్పుకోకూడదు. చెప్పుకుంటే కూలి అడిగినట్టే. ఎంత తవ్వావురా అంటే "అబ్బే, సూప్ తాగడానికొచ్చాను" అనాలి. పిలిచిన ఇంటివాళ్ళూ అంతే, "మేమేం చేశాం, కుండ పొయ్యి మీద పెట్టాం, పనంతా వాళ్ళదే" అనాలి. అలా అనకపోతే సిగ్గు లేదంటారు. చేను తవ్వేటప్పుడు ఈ మర్యాదతో ఏ గొడవా లేదు. తవ్విన చేను కళ్ళెదుట ఉంటుంది, ఎవరిదో ఊరందరికీ తెలుసు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఇదే మా కొంప ముంచింది.

పుస్తకం పూర్తయ్యాక ఇంటర్నెట్‌లో పెట్టాం. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, తమ మట్టికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మా పేర్లు ఉంచాలి, మార్చినదాన్ని వాళ్ళూ ఊరికే ఇవ్వాలి, అంతకు మించి షరతు లేదు. లైబ్రరీ మనిషిని కదా, నాకు ప్రాణం ఒప్పలేదు. పుస్తకం బయటికి వెళ్తే చిరిగే వస్తుందని నా అనుభవం. పెట్టిన నెలకే కోస్టారికా నుంచి, కార్తాగో అనే ఊళ్ళో పాఠం చెప్పే డాన్ ఎలాదియో అనే ఆయన రాశాడు, మా దగ్గరా అగ్నిపర్వతమే, మా దగ్గరా ఇదే మట్టి, మీతో కలవచ్చా అని. తర్వాతి శనివారం నుంచి ఆయనా మింగాకి వచ్చేవాడు, కంప్యూటర్ తెర మీద. ఆ కంప్యూటర్‌ని అల్మారాలో ఉల్లిపాయల పక్కన పెట్టేవాళ్ళం.

"అందరికీ శుభోదయం. ఆ కీచు కీచుమనే చప్పుడు ఏమిటండీ, లైను బాగోలేదా?" అని అడిగాడు మొదటిరోజు.

"లైను బాగానే ఉంది డాన్ ఎలాదియో. అవి గినీపందులు" అంది లెయోనీలా.

"ఓహో, పెంచుకుంటున్నారా?"

"మధ్యాహ్నం దాకా" అన్నాడు సెగుందో.

ఆయన తన వంతుగా వాలు నేలల మీద ఒక కొత్త అధ్యాయం రాశాడు. దానితో ఊరుకోలేదు, వాళ్ళ పిల్లల కోసం తయారుచేసుకున్న పుస్తకంలో మా బంగాళదుంపలన్నీ పీకేసి కాఫీ నాటాడు. నేను చూసి గయ్‌మన్నాను. "చూశారా కొమాద్రే, మీ పాఠాన్ని ముక్కలు ముక్కలు చేశాడు!" లెయోనీలా పగలబడి నవ్వింది. "ఆయన ఊళ్ళో కాఫీ పండుతుంది, ఆయన పిల్లలకి మన బంగాళదుంప దేనికి? మన పిల్ల అత్తారింటికి వెళ్ళి వాళ్ళ వంట నేర్చుకున్నట్టే" అంది. ఆ తర్వాత గ్వాతెమాలాలో ఒకరు, చిలీలో ఒకరు తీసుకున్నారు. ఇక్కడి పిల్లలు, అక్కడి పిల్లలు తమ తమ మట్టి కొలతలు ఒకే చోట పెట్టి, ఒకరివి ఒకరు దిద్దుకోవడం మొదలుపెట్టారు. కార్తాగో పిల్ల ఒకతె మా వాళ్ళ కొలత తప్పని పట్టేసింది. మా వాళ్ళు వారం పాటు మొహాలు మాడ్చుకుని తిరిగారు. తర్వాత మళ్ళీ కొలిచి, తప్పేనని ఒప్పుకున్నారు. జిరాక్సు మరకల పిల్లలేనా వీళ్ళు అనిపించింది నాకు.

అప్పుడు వచ్చింది ఆ ఉద్యోగం. మట్టి శాఖలో ఉన్న ఒకే ఒక్క శాశ్వత ప్రొఫెసర్ రిటైరయ్యాడు. ఆ ఖాళీకి ప్రకటన వేశారు. లెయోనీలా తప్ప అర్హులు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. కానీ కావలసిన మార్కులు రాకపోతే ఆ ఉద్యోగాన్ని వేరే శాఖకి ఇచ్చేస్తారట. మళ్ళీ ఎప్పుడు వస్తుందో, వచ్చేసరికి ఆవిడ వయసు దాటిపోతుంది. అంటే ఇది దక్కకపోతే ఆవిడ ముసలితనం దాకా ప్రతి జనవరిలోనూ ఫోను పక్కన కూర్చోవాలి, ఆ తర్వాత పింఛను కూడా లేకుండా ఇంట్లో కూర్చోవాలి. అంత స్పష్టం.

మార్కులన్నీ పుస్తకం మీదే ఆధారపడ్డాయి. పుస్తకంలో పేర్లేమో చాలా ఉన్నాయి. కాబట్టి ఎవరు ఎంత రాశారో చెప్పమని ఉద్యోగానికి ఎంపిక చేసే కమిటీ అందరికీ ఈమెయిల్ పంపింది. ఇక చూడండి మా వాళ్ళ జవాబులు. సెగుందో: "నేను రాసిందేమీ లేదు, శనివారాలు వెళ్ళి భోంచేసి వచ్చేవాణ్ణి, అంతా ప్రొఫే దయ." డోన్యా క్లెమెన్సియా: "రెండు గీతలు గీశాను, అవీ సరిగ్గా రాలేదు." మిగతావాళ్ళూ అదే ధోరణి. నేనూ ఏం తక్కువ తినలేదు, "పట్టిక కాస్త చూసిపెట్టాను" అని రాసి పంపాను. అందరూ పనంతా ఆవిడదే అన్నారు కదా, మంచిదే అనుకున్నాం. కానీ లెయోనీలా ఏం రాసింది? "పుస్తకం అంతా వాళ్ళ శ్రమే. నేను వంట చూసుకున్నాను."

ఒక్క డాన్ ఎలాదియో మాత్రం ఉన్నదున్నట్టు రాశాడు: ఫలానా అధ్యాయం నేను రాశాను, ప్రొఫెసర్ దిద్దారు అని. ఆయన ఊళ్ళో మన మర్యాదలు లేవు కదా. దానితో కమిటీ లెక్కలో నల్లమట్టి పుస్తకానికి తేలిన రచయిత ఒక్కరే, అతను పాస్తోలో ఎన్నడూ అడుగు పెట్టనివాడు.

ఈ సంగతి కమిటీ అధ్యక్షురాలు డాక్టర్ బెనావీదెస్ స్వయంగా లైబ్రరీకి వచ్చి నాకు చెప్పింది. మంచి మనిషి, ఎప్పుడూ జలుబు. "ఇల్దా, ఇది చూస్తే ఎవరూ రాయని పుస్తకంలా ఉంది. ఆవిడకి మార్కులు ఎలా వేయమంటారు? మంగళవారం అందరినీ పిలిపిస్తాను. వచ్చి నోటితో చెప్పండి. అంతకన్నా నేనేమీ చేయలేను" అంది, ముక్కు తుడుచుకుంటూ.

నాకు పిచ్చెక్కింది. అప్పటికప్పుడే ఫోను తీశాను.

"ఒరేయ్ సెగుందో, ఆ అధ్యాయం నేను రాశానని చెప్పడానికి నీ నోరేమైనా పడిపోయిందిరా?"

"ఎలా చెప్పను డోన్యా ఇల్దా? ఆవిడ పెట్టిన తిండి తిని, ఆవిడ ముందే నేను ఇంత చేశానని లెక్క చెప్పనా? మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"లేచొస్తే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను! మంగళవారం నువ్వు నోరు విప్పకపోతే ఆవిడ ఉద్యోగం గోవిందా. అర్థమైందా?"

"అర్థమైంది. చెబుతాను. ఒట్టు."

క్లెమెన్సియా చేత కూడా ఒట్టు వేయించాను. ఆఖరికి లెయోనీలా ఇంటికే వెళ్ళాను. పెరట్లో గినీపందులకు గడ్డి వేస్తోంది.

"కొమాద్రే, మంగళవారం అడిగితే 'నేను రాశాను' అనండి. రెండే రెండు మాటలు."

"అంతా నేను రాయలేదు కదా."

"రాసినవే చెప్పండి!"

"రాసినవి కూడా మీరందరూ మాట్లాడుకుంటుంటే విని రాసినవే కదా."

"అయితే పాడెక్కేదాకా గంటల లెక్కనే బతకండి!" అని అరిచాను. అని వెంటనే ఏడ్చేశాను. ఆవిడ గడ్డి కింద పడేసి వచ్చి నా భుజం నిమిరింది. చూశారా, కష్టం ఆవిడది, ఓదార్పు నాకు. "చెబుతాను లెండి, ఏడవకండి" అంది. ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది, చెప్పదని.

మంగళవారం వచ్చింది. పొడుగాటి గది, గాజు కిటికీలకు వాన. బల్లకు ఆ పక్క డాక్టర్ బెనావీదెస్ దగ్గుతూ, ఆవిడ పక్కన బొగొటా నుంచి వచ్చిన మట్టి నిపుణుడు డాక్టర్ కిన్యోనెస్. ఆయన పుస్తకాన్ని అచ్చు తీయించి తెచ్చాడు, పేజీ పేజీకి రంగు కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. నిజంగానే చదివాడు. ఈ పక్క బెంచీ మీద మేము, ఆదివారం బట్టల్లో. చివర లెయోనీలా, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ముందు సెగుందోని లేపారు. వాడు టై కట్టుకొచ్చాడు. గొంతు సవరించుకుని, "నేను, మట్టి ఆరబెట్టే అధ్యాయం..." అని మొదలుపెట్టాడు. వాడు పక్కకి చూశాడు, లెయోనీలా కనబడింది. "...రాసేటప్పుడు దగ్గర కూర్చున్నాను" అని కూలబడ్డాడు.

క్లెమెన్సియా లేచి, "పెన్సిల్ నాది" అని కూర్చుంది.

ఇక నా వంతు. వీళ్ళిద్దరినీ అక్కడే గొంతు పిసికేద్దామన్నంత కోపంతో లేచాను. "నేనైతే సూటిగా చెబుతానండీ" అన్నాను. చెబుదామని నోరు తెరిచాను. లెయోనీలా నా వైపు తలెత్తి చూసింది, ఆ శనివారాలన్నీ ఆ కళ్ళలో ఉన్నాయి. ఆవిడ ముందు నా పని లెక్క చెప్పడం ఎంత సిగ్గుగా అనిపించిందో! "పెద్దగా ఏం లేదు లెండి" అనేశాను. కూర్చున్నాక నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది.

"ప్రొఫెసర్ అచికానోయ్, మీరు?" అంది అధ్యక్షురాలు.

"వీళ్ళందరూ లేకపోతే పుస్తకమే లేదండీ" అంది లెయోనీలా.

డాక్టర్ బెనావీదెస్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు డాక్టర్ కిన్యోనెస్ మాట్లాడాడు. దురుసుగా కాదు, నెమ్మదిగానే.

"నాకొక అనుమానం చెప్పనివ్వండి. మట్టి ఆరబెట్టడం మీద అధ్యాయం చాలా గొప్పగా ఉంది. ఈ విషయం మీద ఇంత తేటగా రాసింది నేనెక్కడా చదవలేదు. పెహెందీనో గారు తాను రాయలేదంటున్నారు. ప్రొఫెసర్ గారు వంట చేశానంటున్నారు. అంటే ఇది ఎక్కడి నుంచో ఎత్తి రాసిందే అయ్యుండాలి. మాస్టారు కదా, సిగ్గుపడి దాస్తున్నారేమో."

సెగుందో మొహం పాలిపోయింది.

బెంచీ కిర్రుమంది. లెయోనీలా లేచి నిలబడింది.

"ఎత్తి రాసిందా?" అంది. ఆ గొంతు నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. "ఎవరు ఎత్తి రాశారు? వీడా? అయ్యా, వీడు మొదటిసారి తెచ్చిన కాగితాల్లో ఎత్తి రాసిన మాటలు ఉన్న మాట నిజమే. పెద్ద పెద్ద మాటలు, సగం వాడికే అర్థం కావు. అన్నీ నేను కొట్టేశాను. నీ చేత్తో మట్టి పట్టుకుంటే ఏం తెలిసిందో అది రాయి అన్నాను. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ కొట్టేశాను. సబ్బులా జారుతుంది అని రాశాడు. ఏ సబ్బురా, ఒంటి సబ్బా, బట్టల సబ్బా అన్నాను. వాడు పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు, ఇంకో కాగితం ఇచ్చాను! మీరు మెచ్చుకున్న ఆ తేటదనం ఊరికే వచ్చిందనుకున్నారా? ఆ వాక్యాలు ఇంకే పుస్తకంలో ఉన్నాయో చూపించండి చూద్దాం. ఉండవు. ఎక్కడా లేవనే కదా వీణ్ణి కూర్చోబెట్టి రాయించింది!"

డాక్టర్ కిన్యోనెస్ ఏదో అనబోయాడు. ఆవిడ ఆగలేదు.

"ఆ మట్టి పొరల బొమ్మ చూశారా? క్లెమెన్సియా గట్టు మీద కూర్చుని గీస్తుంటే, గుంటలో దిగి టేపు పట్టుకుంది నేను, నడుం దాకా నీళ్ళలో. ఈ ఇల్దా చేత పట్టిక ఎన్నిసార్లు మళ్ళీ చేయించానో ఆవిడనే అడగండి, ఇప్పటికీ నన్ను తిడుతుంది. నీళ్ళ అధ్యాయం నేను రాశాను, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. భాస్వరం అధ్యాయం నేను రాశాను. ముందుమాట నాది. ఈ పుస్తకంలో నా చేతి కింద నుంచి వెళ్ళని వాక్యం ఒక్కటి లేదు, ఒక్కటంటే ఒక్కటి! నాకు ఉద్యోగం ఇవ్వకపోతే మానేయండి. నా విద్యార్థిని మాత్రం దొంగ అనకండి."

తాను ఏం మాట్లాడిందో అప్పుడు ఆవిడకి తెలిసొచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. మొహం ఎర్రగా కందిపోయింది.

డాక్టర్ బెనావీదెస్ కళ్ళజోడు పెట్టుకుని, కలం తీసింది. "నీళ్ళ అధ్యాయం, భాస్వరం అధ్యాయం, ముందుమాట. మొత్తం పుస్తకం దిద్దింది కూడా మీరే. సరేనా? ఇంకా ఏమైనా ఉందా?"

"అబ్బే..." అని మొదలుపెట్టింది లెయోనీలా.

"కొమాద్రే, ఆ మాట ఇంకొక్కసారి అన్నారంటే ఈ బల్లెక్కి గోల చేస్తాను!" అని అరిచాను. అధ్యక్షురాలి ముందు. ఏమైతే అదైంది.

అప్పుడు డాక్టర్ కిన్యోనెస్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సెగుందో ముందు నిలబడ్డాడు. "క్షమించండి మాస్టారూ, పొరపాటు మాట అన్నాను. ఇంతకీ ఏ సబ్బు?"

"బట్టల సబ్బండీ, తడి చేత్తో పట్టుకున్నట్టు" అన్నాడు సెగుందో. ఒక్క క్షణం ఆగి, "నేనే రాశానండీ అది" అన్నాడు. అని కర్చీఫ్ తీసి మొహం తుడుచుకున్నాడు.

దానితో మాకూ నోళ్ళు వచ్చాయి. బొమ్మలన్నీ తనవేనని, అట్ట మీది గలేరాస్ బొమ్మ తనకు చాలా ఇష్టమని క్లెమెన్సియా చెప్పింది. పట్టిక నాదేనని, అంత మంచి పట్టిక మా లైబ్రరీ మొత్తంలో ఇంకో పుస్తకానికి లేదని నేను చెప్పాను. కొంచెం ఎక్కువ చెప్పినట్టున్నాను. చెప్పనీయండి, ఎన్నేళ్ళకు దొరికింది అవకాశం.

బయటికి వచ్చాక వసారాలో లెయోనీలా సెగుందో చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఏడ్చిన సంగతి అందరి ముందూ చెప్పేశాను, ఏమీ అనుకోకు నాయనా."

"ప్రొఫే, నా కోసం ఇంత గట్టిగా ఎవరూ అరవలేదు. మా అమ్మ కూడా" అన్నాడు వాడు.

ఆవిడ వాడి భుజం మీద ఒక్కటి వేసింది. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కాగితం రావడానికి నెల పట్టింది. ఉద్యోగం ఆవిడదే. ఆ కాగితం తెచ్చి లైబ్రరీలో నా బల్ల మీద పెట్టింది. చదివాను. మళ్ళీ చదివాను. "మౌనంగా ఉండవలెను" అని నేనే గోడకు అంటించిన చీటీ కిందే నిలబడి, పెద్దగా కేకపెట్టి ఆవిడని కావిలించుకున్నాను. చదువుకుంటున్న పిల్లలందరూ తలెత్తి చూశారు. చూస్తే చూడనీ.

కొత్త ఏడు మొదలయ్యాక, ఒక శనివారం మళ్ళీ మింగా పిలిచింది, పుస్తకం రెండో కూర్పుకి. గ్వాతెమాలా వాళ్ళు పట్టుకున్న తప్పులు దిద్దాలి, చిలీ వాళ్ళ అధ్యాయం ఒకటి కలపాలి. కొత్త విద్యార్థులు ఆరేడుగురు వచ్చారు, మొదటిసారి కదా, బల్ల చుట్టూ బెరుగ్గా కూర్చున్నారు. వాళ్ళలో ఒక పిల్ల పుస్తకం అటూ ఇటూ తిరగేసి, "ఇది ఎవరు రాశారండీ?" అని అడిగింది.

అంతే. సెగుందో సూప్ గిన్నెలోకి చూశాడు. క్లెమెన్సియా కప్పు వైపు చూసింది. నేను కూడా, సిగ్గు లేకపోతే సరి, కిటికీలోంచి బయటికి చూశాను.

లెయోనీలా పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. చేతులు తుడుచుకుంది. ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది.

"నేను రాశాను తల్లీ" అంది. "వీళ్ళందరితో కలిసి రాశాను. ఇప్పుడు చెప్పు, నువ్వు ఏం రాస్తావు?"